వంతెన అవతల ఆగిన బస్సులు

స్తోయాంకా మిరిచ్‌కి ఓట్ల రోజంటే చిన్నప్పటినుంచీ సరదా. యుద్ధంలో ముక్కలైపోకముందు, పాత దేశం ఉన్న కాలంలో కాగితం మీద ఉండేది ఒకే పార్టీ. అయినా ఊళ్లో బ్యాండు వాయించేవాళ్లు, బొగ్గుల మీద మాంసం కాల్చేవాళ్లు, ముసలివాళ్లు టోపీలు దులుపుకుని వచ్చి వరసలో నిలబడేవాళ్లు. ఆమె ఉండే యావోరిష్టె ఊళ్లో పోలింగు ఎప్పుడూ పిల్లల బడిలోనే. ఆ బడిలో వంట చేసేదీ, తాళంచెవులు దగ్గర పెట్టుకునేదీ స్తోయాంకాయే కాబట్టి పోలింగు సిబ్బందిలో ఆమె పేరు వాడుకగా చేరిపోయింది. గోడల మీద బాతు బొమ్మలు, మోకాలెత్తు కుర్చీలు. వాటి మధ్య కూర్చుని గంభీరంగా పేర్లు సరిచూసేది.

ఆమె పుట్టింది కొండ మీది పల్లెలో. పంతొమ్మిదో ఏట ఆస్ట్రియాలోని లింజ్ వెళ్లి ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే పని చేసింది. జర్మన్ భాష, నడుంనొప్పి, ఇల్లు కట్టుకునేందుకు కొంత డబ్బు కూడబెట్టుకుని తిరిగొచ్చింది. రంపపు మిల్లులో పనిచేసే రాంకోని పెళ్లాడింది. మాట తక్కువ మనిషి, చెయ్యి మంచిది. యావోరిష్టెలో మ్లిన్‌స్కా వీధిలో ఇల్లు వేసుకున్నారు. పిల్లలు కలగలేదు. పక్కిల్లు హస్నియాది. ఆమె భర్త రామిజ్ గడియారాలు బాగుచేసేవాడు. వాళ్లు ముస్లింలు, వీళ్లు సెర్బులు. యుద్ధం వచ్చేదాకా ఆ తేడా పండగల్లో ఎవరింటి మిఠాయి ముందు వస్తుందన్న దగ్గరే ఆగిపోయేది.

తొంభై రెండు వేసవిలో తుపాకులు పట్టిన సెర్బులు రామిజ్‌ని లారీ ఎక్కించి తీసుకుపోయారు. మళ్లీ కనపడలేదు. తర్వాత వారానికే ఊళ్లో ఉన్న ముస్లింలందరినీ బస్సుల్లో కుక్కి పంపేశారు. హస్నియా చేతిలో ఒక్క సంచీ ఉంది. ఆ సాయంత్రమే మసీదు పేల్చేశారు. దుమ్ము స్తోయాంకా వంటింటి గిన్నెల మీద దాకా వచ్చి పడింది.

యుద్ధం ఆగింది. ఒప్పందం దేశం మధ్యన ఒక గీత గీసింది. హస్నియావాళ్లు గీతకు అటు, యావోరిష్టె గీతకు ఇటు. తరిమితే వెళ్లిపోయినవాళ్లు కూడా తమ సొంత ఊరి పాలకవర్గానికి ఓటు వేయవచ్చని ఒప్పందంలో రాశారు. ఆ ఎన్నికలు జరిపించడానికి విదేశాలవాళ్లు తెల్ల కార్లలో దిగారు. యావోరిష్టెకి వచ్చిన మనిషి హెడ్విగ్, గ్రాజ్ నగరంలో ఒక బడికి పెద్ద పంతులమ్మగా చేసి రిటైరైన ఆస్ట్రియా ఆవిడ. పొడుగ్గా, ఎముకల గూడులా ఉండేది. కొత్త చెప్పులు కరిచి కుంటుతూ బడి వంటింట్లోకి వచ్చింది.

"మీకు జర్మన్ వచ్చటగా?"

"దుప్పట్లు ఉతకడానికి సరిపడా వచ్చు," అంది స్తోయాంకా, బంగాళాదుంపలు తరుగుతూనే.

"ఇక్కడ పోలింగుకి పెద్దగా ఉండే మనిషి కావాలి. నేను అడిగినవాళ్లందరికీ ఆ రోజు ఊళ్లో పెళ్లిళ్లే ఉన్నాయట."

స్తోయాంకా కత్తి పక్కన పెట్టింది. "అటువైపు వాళ్లు నిజంగా వస్తారా?"

"బస్సుల్లో వస్తారు. సైనికులు కాపలా ఉంటారు."

"వచ్చినవాళ్లు వచ్చినట్టు తిరిగి వెళ్తారా?"

హెడ్విగ్ వెంటనే జవాబు చెప్పలేదు. "దానికే నేనిక్కడ ఉన్నాను," అంది కాసేపటికి. ఆవిడ అబద్ధం చెప్పకుండా ఆలోచించిన ఆ కాసేపు స్తోయాంకాకి నచ్చింది. ఒప్పుకుంది.

ఆ వారంలోనే స్పాసోయె వచ్చాడు. రాంకోకి పెదనాన్న కొడుకు. ఊరి చివర పెట్రోలు బంకు అతనిదే. యుద్ధంలో అతని చేతికింద ఎంతమంది మనుషులుండేవారో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. గొంతు ఎప్పుడూ పెంచడు. చుట్టపు మర్యాదగా కాఫీ పొడి పొట్లం, చక్కెర డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"కాఫీ నీ చేతిదే తాగాలి మరదలా. మా ఇంట్లో దానికి నీళ్లు కాచడం కూడా రాదు."

"కాఫీ కోసం ఇంత దూరం రారు బావగారూ. చెప్పండి."

"తమ్ముడింటికి రావడానికి పని ఉండాలా?" కాఫీ కప్పులో చక్కెర బిళ్ల ముంచి నోట్లో వేసుకున్నాడు. "ఏదో ఓట్ల పని ఒప్పుకున్నావట."

"ఎప్పుడూ చేసేదే."

"పని ఎప్పుడూ చేసేదేలే. వచ్చే మనుషులే ఎప్పుడూ వచ్చేవాళ్లు కారు. నాకేమనిపిస్తుందంటే, ఆ రోజు నీకు జ్వరం వస్తే బాగుంటుంది."

"నాకు జ్వరం వచ్చి పదేళ్లయింది."

"రావడానికెంతసేపు?" అని నవ్వాడు. రాంకో వైపు తిరిగాడు. "ఏరా, మీ ఆవిడని చూసుకుంటున్నావా? సన్నబడిపోయింది."

రాంకో తల ఎత్తలేదు. కప్పు అడుగున మిగిలిన మడ్డిని చూస్తూ కూర్చున్నాడు. స్పాసోయె వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, పెరట్లోని ప్లమ్ చెట్లను మెచ్చుకున్నాడు. ఈసారి కాపు బాగుంది, సారా కాచినప్పుడు ఒక సీసా పంపమన్నాడు.

అప్పటినుంచి ఊరు మారిపోయింది. ఎవరూ ఏమీ అనలేదు. స్తోయాంకా రొట్టెల కొట్లోకి అడుగుపెడితే లోపలి మాటలు ఆగిపోయేవి. చర్చిలో ఆమె పక్కన ఎప్పుడూ నిలబడే గ్రోజ్దానా రెండు వరసలు వెనక్కి జరిగింది. మధ్యాహ్నాలు ఫోను మోగేది. తీస్తే అవతల రేడియో పాట సన్నగా వినపడేది, మనిషి ఊపిరి వినపడేది, మాట ఉండేది కాదు. ఒకసారి స్తోయాంకా విసుగొచ్చి, "పాట కాస్త గట్టిగా పెట్టు బాబూ, వినపడ్డంలేదు," అంది. అవతలివాడు నిజంగానే గట్టిగా పెట్టాడు. ఆ తర్వాత ఆమె ఫోను తియ్యడం మానేసింది.

ఒక పొద్దున కోళ్లకు గింజలు వేయడానికి పెరట్లోకి వెళ్లి చూస్తే ప్లమ్ చెట్లన్నిటికీ మోకాలెత్తున బెరడు లేదు. చుట్టూరా జానెడు మేర శుభ్రంగా ఒలిచేశారు. తెల్లటి చెక్క తడిగా మెరుస్తోంది. పైన ఆకులు పచ్చగానే ఉన్నాయి, కాయలు నీలంగా పండుతూనే ఉన్నాయి.

రాంకో వచ్చి వేలితో తడిమాడు. "చెయ్యి తిరిగినవాడి పని," అన్నాడు.

"బతుకుతాయా?"

"ఈ ఏటి కాయలు పండుతాయి. వచ్చే ఏడు చిగుర్లు రావు." బెరడు లేని చోటు మీదినుంచి చెయ్యి తీశాడు. "స్తోయా, ఆ పని వదిలెయ్యి. జ్వరమని చెప్పు. నేను వెళ్లి చెప్తాను."

"చెట్లు ఎలాగూ పోయాయిగా. ఇంక దేనికి వదలడం?"

అతను ఆమెను వింతగా చూశాడు. బుట్ట తెచ్చి, ఏమీ జరగనట్టే పండ్లు కోయడం మొదలుపెట్టాడు.

ఓట్ల రోజు ఏటి మీద మంచు దట్టంగా కమ్మింది. ఊరి జనం పొద్దున్నే వచ్చి వేశారు. వేలికి పూసే సిరా కంటికి కనపడదు, నీలం దీపం కింద పెడితేనే మెరుస్తుంది. కొందరు వేలు చాపి స్తోయాంకా మొహం వంక చూడకుండా వెళ్లిపోయారు. ఒకావిడ మాత్రం వంగి పేరు చెప్తూ, "జాగ్రత్త తల్లీ," అని గొణిగి, అన్నందుకు తనే భయపడి గబగబా బయటికి నడిచింది.

మంచు విడేసరికి వంతెనకు అవతల బస్సులు ఆగి ఉన్నాయి. ఇవతల దుంగల లారీలు రెండు రోడ్డుకు అడ్డంగా పెట్టి ఉన్నాయి, డ్రైవర్లు లేరు. లారీల చుట్టూ మగవాళ్లు బీరు సీసాలతో చేరారు. మధ్యలో విదేశీ సైనికులు. వాళ్ల అధికారి హెడ్విగ్‌తో రేడియోలో మాట్లాడాడు. లారీలను బలవంతంగా లాగిస్తే కాల్పులు మొదలవుతాయని భయం. కావాలంటే జనం నడిచి రావచ్చు, దారికి రెండు పక్కలా మావాళ్లు నిలబడతారన్నాడు.

హెడ్విగ్ రేడియో కింద పెట్టి బాతు బొమ్మల గోడకు ఆనుకుంది. "అందరూ ముసలివాళ్లు. ఆ గుంపులోంచి నడిచి రమ్మని నేనెలా చెప్పను? చెప్పే హక్కు నాకెక్కడిది?"

"మీరు చెప్తే రారు," అంది స్తోయాంకా. "నేను వెళ్తాను. మీరు పెట్టె దగ్గర ఉండండి."

ఆమె వంతెన దాకా నడుస్తుంటే మగవాళ్లు దారి ఇచ్చారు. అందరూ తెలిసినవాళ్లే. సగం మంది పిల్లలకు ఆమె చేతి సూపు పోసింది.

"స్తోయాంకా, పొయ్యి మీద సూపు మాడిపోతోంది, ఇంటికి పో!"

"పోనివ్వండ్రా, టర్కీ సుల్తానుగారి వంటలక్క!" ముస్లింలని ఎగతాళిగా టర్కులనడం అక్కడి అలవాటు.

"నీ పళ్లు ఊడిపోయినప్పుడు ఆ సూపే తాగుతావు మిలెంకో," అంది ఆగకుండానే. ఎవరో నవ్వారు. స్పాసోయె లారీ నీడలో మడత కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నవ్విన మనిషి వంక ఒకసారి చూశాడంతే. నవ్వు ఆగిపోయింది. స్పాసోయె వెనకాల, గుంపులో ఒకడిగా, రాంకో నిలబడి ఉన్నాడు. అతని చేతిలోనూ సీసా ఉంది.

మొదటి బస్సు తలుపు తెరుచుకుంది. లోపల సబ్బు వాసన, ఇస్త్రీ బట్టల వాసన. ముందు సీట్లో హస్నియా. జుట్టంతా తెల్లబడింది.

"ముసలిదానివైపోయావే స్తోయా."

"నువ్వు మాత్రం పడుచుపిల్లవి. అక్కా, బస్సు ముందుకి రాదు. నడవాలి. నేను ముందు నడుస్తాను."

"రాళ్లేస్తారా?"

"వెయ్యొచ్చు."

బస్సంతా వింటోంది. హస్నియా తలగుడ్డ ముడి సరిచేసుకుంది. "నీ పక్కన నడిస్తే నీకూ తగులుతాయి."

"మరి దిగు. మధ్యాహ్నం దాటుతోంది."

ఇద్దరూ చేతులు పట్టుకుని వంతెన మీదికి వచ్చారు. వెనక మిగతావాళ్లు జంటలు జంటలుగా. ఈలలు మొదలయ్యాయి, తర్వాత ఈలలు కూడా ఆగాయి. ఆ నిశ్శబ్దానికే ఎక్కువ భయం వేసింది. చెప్పుల కింద గాజు పెంకులు నలుగుతున్నాయి. మొదటి రాయి వెనకాల ఒక ముసలాయన కణతకు తగిలింది. టోపీ కింద పడింది. ఆయన వంగి టోపీ తీసుకుని, నెత్తురు కారుతుంటే దాని మీదే పెట్టుకుని మళ్లీ వరసలో కలిశాడు. రెండో రాయి స్తోయాంకా భుజానికి తగిలింది.

అప్పుడు గుంపులోంచి రాంకో బయటికొచ్చాడు. సీసా జాగ్రత్తగా రోడ్డు పక్కన పెట్టాడు. భార్య వంక చూడలేదు, హస్నియా వంక చూడలేదు. రాళ్లు వస్తున్న వైపున, వాళ్ల పక్కగా, తన వీపు గుంపుకు పెట్టి నడవడం మొదలుపెట్టాడు. స్పాసోయె తమ్ముడి వీపు మీద రాయి వెయ్యడానికి ఎవరికీ చెయ్యి లేవలేదు. స్పాసోయె కుర్చీలోంచి లేచి, కుర్చీ మడిచి, చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ రోజు బడిలో ముసలివాళ్లు మోకాలెత్తు కుర్చీల్లో కూర్చుని తమ వంతు కోసం ఎదురుచూశారు. హస్నియా ఓటు వేసి, వేలిని నీలం దీపం కింద మళ్లీ పెట్టి చూసుకుంది. "మెరుస్తోంది," అంది చిన్నపిల్లలా. నీ ఇల్లు చూస్తావా అని ఆమెను ఎవరూ అడగలేదు. అందులో వేరే ఊరినుంచి తరిమేసిన సెర్బు కుటుంబం ఉంటోంది.

ఇంటికి వచ్చాక రాంకో బూట్లు విప్పుకుంటూ చెప్పాడు. "చెట్లు నేనే ఒలిచాను."

స్తోయాంకా పొయ్యి దగ్గర్నుంచి ఇటు తిరిగింది.

"అన్నయ్య కత్తి ఇచ్చాడు. చెట్ల సంగతి నువ్వు చూస్తావా, ఇల్లు తగలబెట్టే పని నన్ను చూడమంటావా అన్నాడు. నువ్వు భయపడి ఆగిపోతావనుకున్నాను."

ఆమెకు కోపం రావాల్సింది, రాలేదు. భుజం మీద కమిలిన చోట తడిగుడ్డ వేయమని అతని చేతికి ఇచ్చింది. "ఈరోజు మాత్రం ఎందుకొచ్చావు?" అని అడిగింది. "హస్నియా నిన్ను పట్టుకుని నడుస్తుంటే ఊరికే నిలబడలేకపోయాను," అన్నాడు.

లెక్క తేలింది. గీతకు అవతలివాళ్ల పార్టీలకు మంచి సంఖ్యలో సీట్లు వచ్చాయి. ఆ సభ్యులు ప్రమాణం చేయడానికి సైనిక వాహనాల మధ్య వచ్చారు, సంతకాలు పెట్టారు, టీ కూడా తాగకుండా వెళ్లిపోయారు. హెడ్విగ్ వెళ్లేముందు స్తోయాంకాని కౌగిలించుకుని ఏడ్చింది. "నేను వెళ్తున్నాను. నువ్వు ఇక్కడే ఉండాలి. ఇది న్యాయం కాదని నాకు తెలుసు," అంది.

స్పాసోయె కోప్పడలేదు. స్తోయాంకా ఇంట్లో దేనిమీదా చెయ్యి పడలేదు. పండక్కి కబురు పెట్టాడు, వెళ్లలేదని తప్పు పట్టలేదు. మూతపడిన రంపపు మిల్లు కొని మళ్లీ నడిపించాడు. ఆకులు రాలే రోజుల్లో స్వయంగా వచ్చి రాంకోకి పాత పనే ఇస్తానన్నాడు. "నీ చేతి పని నాకు తెలుసు తమ్ముడూ. బయటివాడిని ఎందుకు పెట్టుకోను?"

"వెళ్లకు," అంది స్తోయాంకా.

"వెళ్లకపోతే భయపడ్డానని తెలుస్తుంది," అన్నాడు రాంకో. "వెళ్తే ఏమవుతుందో తెలీదు. తెలీనిదే నయం."

చలికాలమంతా క్షేమంగానే గడిచింది. రోజూ సాయంత్రం అతను గేటు తెరిచే చప్పుడు వినేదాకా ఆమె వంటింట్లో అటూ ఇటూ తిరిగేది. మంచు కరుగుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం మిల్లు సైరన్ వేళకాని వేళ మోగింది. దుంగల గుట్ట దొర్లింది. రాంకో కింద ఉన్నాడు.

ప్రమాదమన్నారు. తడి నేలన్నారు. స్పాసోయె శవపేటికకు ముందు భుజం పట్టాడు, గోతి దగ్గర నిజంగానే కన్నీళ్లు తుడుచుకున్నాడు. నలభయ్యో రోజు సంతర్పణ అయ్యాక, మిల్లులో పనిచేసే ఒక మనిషి గిన్నె తిరిగిచ్చే వంకతో వంటింట్లోకి వచ్చాడు. తలుపు దగ్గరగా వేశాడు.

"దుంగల గుట్టకి గొలుసు కట్టి ఉంచుతాం కదమ్మా. తెగితే ముక్కలు ఉండాలి. ఆ రోజు గొలుసు షెడ్డులో కొక్కేనికి చక్కగా వేలాడుతోంది."

"ఈ మాట పోలీసులకి చెప్తావా?"

"నాకు ముగ్గురు పిల్లలు," అన్నాడతను. గిన్నె బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

ఊరి పోలీసుల మీద ఓ కన్నేసి ఉంచే విదేశీ పోలీసాయనకి స్తోయాంకా అంతా చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నాడు. సాక్షి పేరు అడిగాడు. ఆమె చెప్పలేదు. ఆయన బదిలీ అయ్యాడు, ఇంకొకాయన వచ్చాడు, మొదటినుంచి మళ్లీ చెప్పింది.

ఏళ్లు గడిచాయి. ఎవరిళ్లు వాళ్లకు తిరిగివ్వాలని విదేశాలవాళ్లు గట్టిగా పట్టుబట్టాక హస్నియా తన ఇంటికి వచ్చింది. కిటికీలకు తలుపుల్లేవు, గోడలున్నాయి. మళ్లీ పక్కపక్కన కాఫీ కాచుకున్నారు. ఒక విధవరాలికి శవమే దొరకలేదు, రెండో విధవరాలికి సాక్షి దొరకలేదు. దాని గురించి వాళ్లు ఎక్కువ మాట్లాడుకోలేదు.

తర్వాతి ఎన్నికల్లో ఊరి అధ్యక్షుడిగా స్పాసోయె నిలబడ్డాడు. ఒక్క రాయి పడలేదు, ఒక్క బస్సు ఆగలేదు. పోలింగు పెద్ద స్తోయాంకాయే. ప్రతి కాగితం తనే విప్పి చూసింది. ఎక్కడా దొంగ ఓటు లేదు. అతను న్యాయంగా, పెద్ద మెజారిటీతో గెలిచాడు. చూడ్డానికి వచ్చిన విదేశీయులు సంతోషంగా చేతులు కలుపుకున్నారు. ఈ ఊరు సొంత కాళ్ల మీద నిలబడిందన్నారు. ఆ చలికాలంలోనే తమ కార్యాలయం మూసేశారు.

ఫలితం కాగితం మీద సంతకం పెట్టడానికి ఆమె కలం తీసినప్పుడు స్పాసోయె పక్కనే నిలబడి ఉన్నాడు. "ఎవరి సంతకంతో గెలిచినా నీ సంతకంతో గెలిచినట్టు ఉండదు మరదలా," అన్నాడు మెత్తగా. అంకెలు సరిగ్గానే ఉన్నాయి. ఆమె సంతకం పెట్టింది.

విదేశీయులు వెళ్తూ వెళ్తూ ఊరి చట్టంలో ఒక నియమం రాయించిపోయారు. ప్రతి నెలా మొదటి మంగళవారం ఊరి పాలకవర్గ సభ తలుపులు తెరిచి ఉంచాలి, పౌరులెవరైనా లేచి ఒక ప్రశ్న అడగవచ్చు. మొదటి నెల కొందరు వచ్చారు, వీధి దీపాల గురించి, నీళ్ల గొట్టాల గురించి అడిగారు. చివర్లో స్తోయాంకా లేచింది. నల్ల గౌను, చేతిలో ఏమీ లేదు.

"రంపపు మిల్లులో దుంగల గొలుసు ఎవరు విప్పారు?"

స్పాసోయె చిరునవ్వు నవ్వాడు. "ప్రశ్న రాసుకోండి," అన్నాడు కార్యదర్శితో. "రాతపూర్వకంగా జవాబిస్తాం."

జవాబు రాలేదు. రెండో నెల మళ్లీ అదే ప్రశ్న అడిగింది. మూడో నెలా అంతే. వీధి దీపాలవాళ్లు రావడం మానేశారు. హాల్లో జనం కూర్చునే బల్లల మీద హస్నియా, స్తోయాంకా ఇద్దరే మిగిలారు. వసంతం వచ్చేసరికి స్పాసోయె చిరునవ్వు నవ్వడం మానేశాడు. ఆమె మాట్లాడుతున్నంతసేపూ కళ్లార్పకుండా చూసేవాడు, కార్యదర్శి తల దించుకుని రాసుకునేవాడు.

సభ అయ్యాక ఇద్దరూ మ్లిన్‌స్కా వీధిలోకి నడుస్తుంటే స్పాసోయె బంకు దగ్గర ఎప్పుడూ ఆగి ఉండే నల్ల కారు వెనకాలే మెల్లగా వస్తుంది. దాటిపోదు, ఆగదు.

"వచ్చే నెల కూడా అడుగుతావా?" అంది హస్నియా ఒకనాడు, ముందుకే చూస్తూ.

"తలుపులు తెరిచి ఉంటే అడుగుతాను."

"మూసేస్తే?"

"బయట నిలబడి అడుగుతాను. నువ్వు రానక్కర్లేదు అక్కా."

"నోరు మూసుకుని నడువు," అంది హస్నియా, ఆమె చెయ్యి పట్టుకుంటూ.

ఆ రోజు మాత్రం కారు వాళ్ల గేట్ల మధ్య ఆగింది. ఇద్దరూ ఎవరి తలుపులు వాళ్లు వేసుకుని గడియ పెట్టుకున్నా, ఇంజను చప్పుడు చాలాసేపు ఆగలేదు.